సొంత ఇన్‌స్టాలేషన్ డిస్క్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్ డిస్క్‌ను అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షికను పూర్తిగా కేటాయిస్తున్నాం. డిస్క్ అన్న మాటను డీవీడీకీ, పెన్‌డ్రైవ్‌కూ, డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఉంచే ఐఎస్ఓ ఫైలుకూ కలిపి వాడుతున్నామని గమనించగలరు.

ప్రశ్న: మా ప్రయోగశాలలో ఒకే రకం కంప్యూటర్లు చాలా ఉన్నాయి. ప్రతిదానిలోనూ విండోస్ 11 ఎక్కించి, భాష, కీబోర్డు, సమయ మండలం, ఖాతా పేరు వంటి ప్రశ్నలకు అవే జవాబులు ఇచ్చి, ఆపైన అవే ప్రోగ్రాములు మళ్లీ ఎక్కించవలసి వస్తోంది. ఈ పనంతా డిస్క్‌లోనే ముందుగా చేర్చి పెట్టుకోవడం ఎలా? డిస్క్‌ను మార్చిపెట్టే ఎన్‌టీలైట్ వంటి సాఫ్ట్‌వేర్ కొనక తప్పదా?

జవాబు: కొనవలసిన అవసరం లేదు. మీరు చెప్పిన పనుల్లో చాలావాటికి డిస్క్‌లో ఉన్న ఫైళ్లను తాకవలసిన పని కూడా లేదు. విండోస్ సెటప్ మొదలైన వెంటనే డిస్క్ మూలంలో, అంటే ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పైననే, ‘ఆటోఅనటెండ్.ఎక్స్‌ఎంఎల్’ అనే ఫైలు ఉందేమోనని వెతుకుతుంది. అది దొరికితే తాను అడగబోయే ప్రశ్నలకు జవాబులను అందులోంచే తీసుకుని ఆయా తెరలను చూపకుండా దాటిపోతుంది. దీన్నే ఆన్సర్ ఫైలు అంటారు. పేరుకు ఇందులో ఏడు దశలు ఉన్నా, సాధారణ అవసరాలకు మూడింటితోనే పని జరిగిపోతుంది: డిస్క్ నుంచి బూట్ అయిన కొద్దిసేపు నడిచే విండోస్ పీఈ దశ, కంప్యూటర్ పేరు వంటివి నిర్ణయమయ్యే స్పెషలైజ్ దశ, మొదటిసారి తెరిచినప్పుడు స్వాగత తెరలు కనిపించే ఊబీ దశ. దీన్ని తయారుచేయడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఏడీకే అనే పరికరాల కట్టలో ‘సిస్టమ్ ఇమేజ్ మేనేజర్’ అనే పరికరం ఉంది. దాని తెర కొత్తవారిని కొంత బెదరగొట్టే మాట నిజమే కాని, రాసిన ఫైలులో తప్పులుంటే ముందే పట్టి చూపుతుంది కనుక ఆ ఇబ్బందిని ఓర్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రాములో ‘స్థానిక ఖాతా సృష్టించు’, ‘గోప్యత ప్రశ్నలు వద్దు’ వంటి గళ్లలో టిక్కు పెట్టినవారంతా తమకు తెలియకుండానే ఆన్సర్ ఫైలు వాడినవారే, ఎందుకంటే ఆ ప్రోగ్రాము లోపల రాసిపెట్టేది అలాంటి ఫైలునే.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త అవసరం. హార్డ్‌డిస్క్‌ను తుడిచి, భాగాలు చేసే పనిని కూడా ఆన్సర్ ఫైలుకు అప్పగించవచ్చు. అలా అప్పగించిన పెన్‌డ్రైవ్‌ను పొరపాటున వేరే యంత్రానికి తగిలించి బూట్ చేస్తే, అది ఎవరినీ అడగకుండా ఆ యంత్రంలోని హార్డ్‌డిస్క్‌ను ఖాళీ చేస్తుంది. పైగా, రెండు హార్డ్‌డిస్కులున్న యంత్రంలో ‘డిస్క్ సున్నా’ అన్నది మీరు అనుకున్నదే అవుతుందన్న హామీ లేదు. అందుచేత మిగతా జవాబులన్నీ ఫైలులో రాసి, హార్డ్‌డిస్క్‌ను ఎంచుకునే ఆ ఒక్క తెరను మనిషికే వదిలిపెట్టమని మా సలహా. రెండోది పాస్‌వర్డ్. ఆన్సర్ ఫైలులో అది మామూలు అక్షరాల్లోనో, బేస్64 రూపంలోనో ఉంటుంది. బేస్64 చూడటానికి గజిబిజిగా ఉన్నా రహస్యలిపి కాదు, ఎవరైనా క్షణాల్లో విప్పుకోగలరు. కనుక డిస్క్‌లో తాత్కాలిక పాస్‌వర్డ్ మాత్రమే పెట్టి, పని ముగిశాక దాన్ని మార్చండి.

ఇక ప్రోగ్రాముల సంగతి. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఒక యంత్రంలో అన్నీ ఎక్కించి, విండోస్‌లోనే ఉన్న సిస్‌ప్రెప్‌తో ‘జనరలైజ్’ చేసి, అంటే ఆ యంత్రానికే ప్రత్యేకమైన గుర్తులను తుడిచి, ఆ స్థితిని డిస్మ్ ఆదేశంతో ఇమేజ్‌గా, అంటే వ్యవస్థ మొత్తం ఉన్న ఒకే ఫైలుగా పట్టి, దాన్నే డిస్క్‌లో అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైలు స్థానంలో పెట్టడం. ఇది ఇన్‌స్టాలేషన్ సమయంలో అన్నిటికన్నా వేగవంతమైన దారి అయినా, బ్రౌజర్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఇమేజ్ పాతబడుతుంది. అంతేకాక, స్టోర్ నుంచి వచ్చిన యాప్ ఏదైనా ఒక్క ఖాతాకే ఎక్కి ఉంటే సిస్‌ప్రెప్ మధ్యలో మొరాయిస్తుంది. రెండో దారి, ఆన్సర్ ఫైలులో ‘ఫస్ట్ లాగాన్ కమాండ్స్’ అనే చోట ఒక స్క్రిప్టును పిలిచి, ఆ స్క్రిప్టు ద్వారా నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉన్న ఇన్‌స్టాలర్లను ఏ ప్రశ్నా అడగకుండా నడిపించడం. మీ అవసరానికి ఇదే మేలు, ఎందుకంటే ఫోల్డర్‌లోని ఇన్‌స్టాలర్‌ను మారిస్తే చాలు, డిస్క్‌ను మళ్లీ ముట్టుకోవలసిన పని ఉండదు. ‘సెటప్‌కంప్లీట్.సీఎండీ’ అనే మరో స్క్రిప్టు గురించి కూడా మీరు విని ఉండవచ్చు. అయితే కంప్యూటర్ తయారీదారు ఇచ్చిన ఓఈఎం లైసెన్సు కీతో ఎక్కించిన హోమ్, ప్రో ఎడిషన్లలో సెటప్ దాన్ని నడపదు. స్క్రిప్టులో తప్పేమీ లేకపోయినా పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదులు కొన్నిటికి కారణం ఇదే.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించబోతే సెటప్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు. ఇన్‌స్టాల్.విమ్‌లో డ్రైవర్ చేర్చి మళ్లీ డిస్క్ తయారుచేసినా ఫలితం అదే. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

జవాబు: మీరు చేర్చిన చోటు సరైనదే కాని, సెటప్ చూసే చోటు అది కాదు. విస్టాతో మొదలుకొని విండోస్ డిస్క్‌లో ‘సోర్సెస్’ ఫోల్డర్ కింద రెండు ముఖ్యమైన ఇమేజ్ ఫైళ్లు ఉంటాయి. బూట్.విమ్ అన్నది డిస్క్ నుంచి లేచి సెటప్‌ను నడిపే చిన్న విండోస్; ఇన్‌స్టాల్.విమ్ అన్నది మీ ఎస్‌ఎస్‌డీలోకి దిగబోయే అసలు విండోస్. భాగాలను చూపే తెర కనిపిస్తున్నప్పుడు నడుస్తున్నది మొదటిదే కనుక, నిల్వ పరికరపు డ్రైవర్ దానికే అందాలి. అందులోనూ రెండు ఇమేజ్‌లుంటాయి: మొదటిది ఖాళీ విండోస్ పీఈ, రెండోది సెటప్ ఉన్నది. సెటప్ నడిచేది రెండోదాని నుంచి. చాలామంది మొదటిదానిలో డ్రైవర్ చేర్చి, ఫలితం లేదని వాపోతుంటారు. డ్రైవర్‌ను బూట్.విమ్‌లోని రెండో ఇమేజ్‌కూ, ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు ఎక్కించబోయే ఎడిషన్‌కూ, ఈ రెండింటికీ చేర్చాలి; ఒక్క బూట్.విమ్‌కే చేర్చి ఊరుకుంటే, ఫైళ్ల నకలు ముగిసి యంత్రం మళ్లీ లేచేటప్పుడు నీలి తెర ఎదురయ్యే ప్రమాదం ఉంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు మొదలుకొని అనేక ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీని వీఎండీ అనే కంట్రోలర్ వెనుక ఉంచుతున్నారు. ఆ డ్రైవర్ లేని సెటప్‌కు ఎస్‌ఎస్‌డీ ఉన్నట్టే తెలియదు. తయారీదారుల సైటులో దొరికేది సాధారణంగా ఎగ్జిక్యూటబుల్ ఫైలు. దాన్ని అలాగే చేర్చడం కుదరదు. లోపల ఉన్న ఐఎన్‌ఎఫ్, ఎస్‌వైఎస్, సీఏటీ ఫైళ్లను విడదీసి, ఆ ఫోల్డర్‌ను డిస్మ్‌కు చూపాలి. ఈ వీఎండీ డ్రైవర్ ఉండే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ ఇన్‌స్టాలర్‌లో ఇలా విడదీయడానికే ప్రత్యేకమైన స్విచ్ ఉంది.

ఇంత పని చేయకుండానే గట్టెక్కే మార్గం కూడా ఒకటుంది. పెన్‌డ్రైవ్ మూలంలో ముందూ వెనుకా డాలరు గుర్తుతో ‘విన్‌పీఈడ్రైవర్’ అనే పేరుగల ఫోల్డర్ సృష్టించి, విడదీసిన డ్రైవర్లను అందులో ఉంచితే, సెటప్ వాటిని తానే వెతికి వాడుకుంటుంది, ఎక్కబోయే విండోస్‌కు కూడా అందిస్తుంది. ఒక్క యంత్రం కోసమైతే సెటప్ తెరలో ఉన్న ‘లోడ్ డ్రైవర్’ మీట చాలు. విమ్ ఫైలును విప్పి డ్రైవర్ చేర్చడమన్నది, ఈ ఫోల్డర్ పద్ధతి పనిచేయనప్పుడో, డిస్క్‌ను ఎక్కువ మంది వాడబోతున్నప్పుడో చేయవలసిన పని. అంతకు ముందే మొదలుపెడితే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టే.

ఇదే తరహా ప్రశ్న మరొకటి విండోస్ 7 గురించి వచ్చింది: సెటప్ తెర వచ్చేవరకు పనిచేసిన కీబోర్డు, మౌస్ అక్కడికి చేరాక స్తంభించిపోతున్నాయని. 2009లో వచ్చిన విండోస్ 7 డిస్క్‌లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ లేదు. 2015లో వచ్చిన ఇంటెల్ 100 శ్రేణి చిప్‌సెట్ల నుంచి యూఎస్‌బీ 2.0 కోసం విడిగా ఉండే కంట్రోలర్‌ను తీసివేయడంతో అన్ని పోర్టులూ ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ 3.0 కంట్రోలర్ కిందికి వచ్చాయి. యంత్రాన్ని లేపే బయోస్ చేతిలో ఉన్నంతసేపు పనిచేసిన కీబోర్డు విండోస్ చేతికి రాగానే అనాథ అవుతుంది. ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్‌ను పైన చెప్పిన రెండు విమ్ ఫైళ్లకూ చేర్చడం, ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ ఉంటే కేబీ 2990941, కేబీ 3087873 అనే రెండు సవరణలను కూడా కలపడం దీనికి పరిష్కారం. మదర్‌బోర్డు మీద పాత గుండ్రటి పీఎస్/2 పోర్టు మిగిలి ఉంటే, పాత కీబోర్డు ఒకటి తగిలించి పని ముగించుకోవచ్చు. అయితే విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది కనుక, ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రాలకు మాత్రమే ఈ ప్రయాస తగినదని మా అభిప్రాయం.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో తయారుచేసిన డిస్క్‌లో ఇన్‌స్టాల్.విమ్ లేదు, ఇన్‌స్టాల్.ఈఎస్‌డీ ఉంది. డిస్మ్ దాన్ని మౌంట్ చేయనంటోంది, అంటే ఫోల్డర్‌లా తెరవనంటోంది.

జవాబు: ఈఎస్‌డీ అన్నది ఇంకా గట్టిగా కుదించిన రూపం, దాన్ని మార్చడం కోసం మౌంట్ చేయడం కుదరదు. డిస్మ్‌లోని ‘ఎక్స్‌పోర్ట్ ఇమేజ్’ ఆదేశంతో మీకు కావలసిన ఎడిషన్‌ను విమ్‌గా మార్చుకుని పని మొదలుపెట్టండి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఐఎస్ఓను నేరుగా దించుకుంటే అందులో విమ్ ఫైలే ఉంటుంది కనుక ఈ మెట్టు తప్పుతుంది.

ప్రశ్న: డిస్మ్‌తో పనిచేసే క్రమాన్ని ఒకసారి మొదటి నుంచి చివరి వరకు చెప్పగలరా? నాకు ఒకసారి అనుమతి లేదన్న దోషం, మరోసారి మౌంట్ ఫోల్డర్ ఖాళీ కాకపోవడం ఎదురయ్యాయి.

జవాబు: ఐఎస్ఓలోని ఫైళ్లన్నిటినీ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ వ్యవస్థ ఉన్న డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్‌లోకి నకలు తీసుకోండి. డీవీడీ నుంచి వచ్చిన ఫైళ్లకు ‘రీడ్ ఓన్లీ’ లక్షణం అంటుకుని ఉండవచ్చు. మీరు చూసిన అనుమతి దోషానికి ఎక్కువగా కారణం అదే. ఇన్‌స్టాల్.విమ్ ప్రాపర్టీస్‌లో ఆ గుర్తును తీసివేసి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. తరువాత విమ్‌లో ఏయే ఎడిషన్లు ఏ సంఖ్య కింద ఉన్నాయో ముందుగా అడిగి తెలుసుకోవాలి. సాధారణ వినియోగదారుల ఐఎస్ఓలో మామూలుగా హోమ్ మొదటి సంఖ్యలోనూ, ప్రో ఆరో సంఖ్యలోనూ ఉంటాయి. హోమ్‌కు మార్పులు చేసి ప్రో ఎక్కించి, చేసిన మార్పులు ఏమయ్యాయని వెతుక్కోవడం అందరికీ జరిగేదే.

ఇంకో చిక్కు ఏమిటంటే, హోమ్ ఎడిషన్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో ఫర్మ్‌వేర్‌లోనే కీ ఉంటుంది, సెటప్ దాన్ని చదివి మిమ్మల్ని అడగకుండానే హోమ్‌ను ఎంచుకుంటుంది. ప్రో కావాలంటే, దాని లైసెన్సు మీకు ఉంటే, సోర్సెస్ ఫోల్డర్‌లో ‘ఈఐ.సీఎఫ్‌జీ’ ఫైలు ద్వారా ఆ సంగతి చెప్పాలి.

ఎంచుకున్న ఎడిషన్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేసిన తరువాత చేర్పుల క్రమం ముఖ్యం. భాషా ప్యాకులు, అదనపు ఫీచర్లు ముందు, నెలవారీ సంచిత అప్‌డేట్ వాటి తరువాత. వరుస తారుమారైతే అప్‌డేట్‌ను మళ్లీ చేర్చవలసి వస్తుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ‘చెక్‌పాయింట్’ అప్‌డేట్ల పద్ధతి వచ్చింది కనుక, తాజా అప్‌డేట్ ఫైలు ఒక్కటే కాక, దానికి ఆధారమైన చెక్‌పాయింట్ ఫైళ్లను కూడా అదే ఫోల్డర్‌లో ఉంచి డిస్మ్‌ను నడపాలి. మీరు వాడే డిస్మ్ వెర్షన్ ఇమేజ్ కన్నా పాతది కాకూడదన్నది కూడా గుర్తుంచుకోవలసిన నియమం. చివర్లో ‘కమిట్’ అన్న మాటతో అన్‌మౌంట్ చేస్తేనే మార్పులు ఫైలులో నిలుస్తాయి, ‘డిస్కార్డ్’ అంటే పోతాయి. అన్‌మౌంట్ చేసే సమయంలో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆ ఫోల్డర్‌లో తెరిచి ఉన్నా, యాంటీవైరస్ అందులోని ఫైళ్లను పరీక్షిస్తూ ఉన్నా ఫోల్డర్ సగంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు అన్ని కిటికీలనూ మూసి మరోసారి ప్రయత్నించాలి. అదీ కుదరకపోతే డిస్కార్డ్ చేసి, ‘క్లీనప్ మౌంట్‌పాయింట్స్’ ఆదేశం ఇచ్చి, మళ్లీ మొదటికి రావాలి. ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌ప్లోరర్ నుంచి చేత్తో తొలగించబోవడం మాత్రం వద్దు.

ఎన్‌టీలైట్ కూడా ఇదే క్రమాన్ని తెర మీద చూపిస్తూ నడిపిస్తుంది. ఆదేశాలు రాయడం ఇష్టం లేనివారికి అది మంచి పరికరమే. ఉచిత రూపంలో కొన్ని సౌకర్యాలు మాత్రం ఉండవు.

ప్రశ్న: నా పాత కంప్యూటర్‌లో 2 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ‘లైట్’ అనీ, ‘గేమర్ ఎడిషన్’ అనీ ఐఎస్ఓలు దొరుకుతున్నాయి. వాటిని దించుకోవడం మంచిదా, లేక నేనే అనవసరమైన భాగాలను తొలగించి డిస్క్ తయారుచేసుకోవడం మంచిదా?

జవాబు: దించుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు. అలాంటి ఐఎస్ఓలో ఏం తీసివేశారో వారు చెప్పవచ్చు కాని, ఏం చేర్చారో తెలుసుకునే సులువైన దారి మీకు లేదు. మైక్రోసాఫ్ట్ ఐఎస్ఓకు ఉన్నట్టు సరిపోల్చుకోవడానికి, ఫైలు మారిందో లేదో తెలిపే ప్రకటిత హ్యాష్ విలువ ఉండదు. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లావాదేవీలు సాగే యంత్రానికి పునాదిగా అపరిచితుడు కట్టిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసుకోవడం వివేకం కాదు. ‘టైనీ11 బిల్డర్’ వంటివి ఇందుకు భిన్నం: అవి తయారైన ఐఎస్ఓ ఇవ్వవు, మీరు దించుకున్న అసలు ఐఎస్ఓ మీద డిస్మ్‌ను నడిపే స్క్రిప్టును ఇస్తాయి. స్క్రిప్టును తెరిచి చదువుకోవచ్చు, నచ్చని వరుసను తీసివేయవచ్చు.

స్వయంగా తొలగించే విషయానికి వస్తే, మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. డిస్క్ మీద పడి ఉన్న ఫైలు ర్యామ్‌ను తినదు. ర్యామ్‌ను తినేవి నడుస్తున్న సర్వీసులు, తెరిచిన బ్రౌజర్ ట్యాబులు. ఇమేజ్ నుంచి అయిదారు వందల మెగాబైట్ల భాగాలను తీసివేస్తే ఐఎస్ఓ చిన్నదవుతుంది, ఎక్కించడం కొద్దిగా త్వరగా ముగుస్తుంది, అంతే; రోజువారీ వేగంలో కనిపించే తేడా చాలా తక్కువ. మీ యంత్రంలో తిరిగే హార్డ్‌డిస్క్‌ను తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే మార్పు, ఎన్ని భాగాలను తొలగించినా రాదు.

తొలగింపుల్లో కూడా అన్నీ ఒకటి కావు. ఆటలు, వార్తలు వంటి ముందుగా పెట్టిన యాప్‌లను డిస్మ్‌లోని ‘ప్రొవిజన్డ్ యాప్’ తొలగింపు ఆదేశంతో తీసివేయడం మైక్రోసాఫ్ట్ స్వయంగా అనుమతించిన పద్ధతి. దానివల్ల ఏదీ చెడదు, అవసరమైతే స్టోర్ నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. పెద్ద ఫీచర్ అప్‌డేట్ వచ్చినప్పుడు వాటిలో కొన్ని తిరిగి ప్రత్యక్షం కావడం ఒక్కటే విసుగు. ఇక విండోస్ భాగాల ప్రతులు ఉండే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌ను కోయడం, డిఫెండర్‌నో, ఇతర ప్రోగ్రాములు వెబ్ పేజీలు చూపడానికి వాడే ఎడ్జ్ వెబ్‌వ్యూనో, స్టోర్‌నో పెకలించడం వేరే కథ. నెలవారీ అప్‌డేట్ తాను మార్చవలసిన భాగపు పాత ప్రతిని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో వెతుకుతుంది. అక్కడ అది లేకపోతే 0ఎక్స్80073712 వంటి దోషంతో ఆగిపోతుంది, అప్పటి నుంచి భద్రతా సవరణలు ఏవీ ఎక్కవు. టైనీ11లో ‘కోర్’ అనే మరీ చిన్న రూపం ఈ కోవకు చెందినదే. దానికి అప్‌డేట్లు చేర్చడం కుదరదని దాని తయారీదారే చెబుతాడు, ప్రయోగాలకు తప్ప వాడవద్దని హెచ్చరిస్తాడు. వెబ్‌వ్యూను తొలగిస్తే దానిమీద ఆధారపడిన ఇతర ప్రోగ్రాములు కారణం చెప్పకుండా మూసుకుపోతాయి. చేర్చినదాన్ని మర్నాడు తీసివేయడం సులువు, తొలగించినదాన్ని తిరిగి అతికించాలంటే చాలాసార్లు మొత్తం మళ్లీ ఎక్కించడమే గతి.

తక్కువ బరువున్న అధికారిక విండోస్ కావాలనుకునే సంస్థలకు ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ అనే రూపం ఉంది. అందులో స్టోర్ గాని, మాటిమాటికీ మారే యాప్‌లు గాని ఉండవు. 2021 ఎల్‌టీఎస్‌సీకి మద్దతు 2027 జనవరి వరకు, దాని ఐఓటీ రూపానికి 2032 జనవరి వరకు ఉంది. అయితే ఇవి వాల్యూమ్ లైసెన్సు ద్వారానో, పరికరాల తయారీదారుల ద్వారానో అందేవి, వ్యక్తులు విడిగా కొనుక్కునే వీలు దాదాపు లేదు. మామూలు విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. టీపీఎం తనిఖీని రూఫస్‌తోనో, సెటప్ దశలో రిజిస్ట్రీ మార్పుతోనో దాటవచ్చు. కాని 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు ఉండి తీరాలి. ప్రాసెసర్‌లో లేని ఆదేశాన్ని ఏ డిస్క్ మార్పూ తెచ్చిపెట్టలేదు. మీ యంత్రానికి తేలికైన డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ నిజంగా మేలైన దారి.

ప్రశ్న: మార్పులన్నీ చేశాను. ఫోల్డర్‌ను ఐఎస్ఓగా కట్టి చూస్తే పాత బయోస్ యంత్రంలో బూట్ అవుతోంది, బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ ఉన్న కొత్త యంత్రంలో కావడం లేదు. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా నకలు తీద్దామంటే ఫైలు చాలా పెద్దదని అంటోంది.

జవాబు: రెండు వేర్వేరు సమస్యలు. డిస్క్ నుంచి బూట్ కావడానికి 1995లో వచ్చిన ‘ఎల్ టొరిటో’ ప్రమాణం ప్రకారం ఐఎస్ఓలో బూట్ నమోదులు ఉండాలి. ఇప్పటి విండోస్ డిస్క్‌లో అవి రెండు ఉంటాయి, బయోస్ కోసం ఈటీఎఫ్‌ఎస్‌బూట్.కామ్, యూఈఎఫ్ఐ కోసం ఈఎఫ్ఐసిస్.బిన్. సాధారణ డిస్క్ బర్నింగ్ ప్రోగ్రాములు చాలావరకు మొదటిదాన్నే రాస్తాయి. ఏడీకేతో వచ్చే ఓఎస్‌సీడీఇమేజ్ పరికరానికి ఈ రెండింటినీ చూపి ఐఎస్ఓను కట్టించండి. ఈఎఫ్ఐసిస్ పక్కనే ‘నోప్రాంప్ట్’ అనే ప్రతి కూడా ఉంటుంది. దాన్ని వాడితే ‘ఏదైనా మీట నొక్కండి’ అని ఆగకుండా డిస్క్ నేరుగా లేస్తుంది. మనిషి లేకుండా నడిచే ఇన్‌స్టాలేషన్‌కు ఇది అవసరమే కాని, ఆ డిస్క్‌ను యంత్రంలోనే మరిచిపోతే ప్రతి బూట్‌కూ సెటప్ మళ్లీ మొదలవుతుంది.

పెన్‌డ్రైవ్ సంగతికి వస్తే, యూఈఎఫ్ఐ యంత్రాలన్నీ చదవగలవని నమ్మదగిన ఫైల్ వ్యవస్థ ఫ్యాట్32. అందులో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. మార్పులు చేసిన ఇన్‌స్టాల్.విమ్ ఆ హద్దును తేలిగ్గా దాటుతుంది. ముందుగా ఒకే ఎడిషన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి, చాలాసార్లు అంతమాత్రానికే హద్దులోకి వస్తుంది. రాకపోతే డిస్మ్‌లోని ‘స్ప్లిట్ ఇమేజ్’ ఆదేశంతో దాన్ని ఎస్‌డబ్ల్యూఎం ముక్కలుగా చేయండి, సెటప్ వాటిని తానే కలుపుకుంటుంది. లేదా రూఫస్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్ తయారుచేయండి. యూఈఎఫ్ఐ దాన్ని చదవడానికి కావలసిన చిన్న బూట్ భాగాన్ని అది పక్కనే పెడుతుంది.

ప్రశ్న: ఒక పాత కొలత పరికరానికి విండోస్ ఎక్స్‌పీ తప్ప వేరే గత్యంతరం లేదు. మా దగ్గర ఉన్న అసలు సీడీతో ఎక్కించబోతే నీలి తెర వస్తోంది. ఎక్స్‌పీ డిస్క్‌ను మార్చే ఎన్‌లైట్ ప్రోగ్రాము ఇప్పటికీ పనికొస్తుందా?

జవాబు: ఎక్స్‌పీకి ఎన్‌లైటే తగిన పరికరం. ఎక్స్‌పీ డిస్క్‌లో విమ్ ఉండదు, ఐ386 ఫోల్డర్ నిండా కుదించిన విడివిడి ఫైళ్లు ఉంటాయి కనుక డిస్మ్ ఇక్కడ చెల్లదు. నీలి తెర మీద కోడ్ 7బీతో ముగుస్తుంటే, సెటప్‌కు హార్డ్‌డిస్క్‌ను నడిపే సాటా కంట్రోలర్ డ్రైవర్ లేదని అర్థం. ఆ రోజుల్లో ఎఫ్6 మీట నొక్కి ఫ్లాపీ నుంచి ఇచ్చిన డ్రైవర్ ఇదే. బయోస్‌లో సాటాను ఐడీఈ రీతికి మార్చే వీలుంటే ముందు దాన్నే చేసి చూడండి. లేకపోతే ఎన్‌లైట్‌లో డ్రైవర్‌ను ‘టెక్స్ట్‌మోడ్’గా చేర్చి, 2008లో వచ్చిన మూడో సర్వీస్ ప్యాక్‌ను కలిపి, కొత్త సీడీ రాయండి. చేత్తో ఐఎస్ఓ కట్టేటప్పుడు డిస్క్ మూలంలో విన్51 అని మొదలయ్యే చిన్న గుర్తు ఫైళ్లను వదిలేయకండి. అవి లేకపోతే సీడీ లోపలే ఉన్నా సీడీ పెట్టమని సెటప్ అడుగుతూనే ఉంటుంది. భాగాల తొలగింపు జోలికి మాత్రం వెళ్లవద్దు, ఆ పరికరపు సాఫ్ట్‌వేర్ వేటి మీద ఆధారపడి ఉందో చెప్పేవారు ఇప్పుడు దొరకరు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది కనుక నెట్‌వర్క్ తీగను విడిగానే ఉంచండి.

ప్రశ్న: లినక్స్‌లోనూ ఇలా సొంత డిస్క్ తయారుచేసుకునే పరికరాలు ఉన్నాయా?

జవాబు: ఎన్నో ఉన్నాయి, పైగా చట్టపరమైన చిక్కులు కూడా ఇక్కడ తక్కువ. ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓను మార్చాలనుకునేవారికి క్యూబిక్ సులువైన పరికరం: స్క్వాష్‌ఎఫ్‌ఎస్ రూపంలో కుదించి ఉన్న వ్యవస్థను విప్పి, దాని లోపల ఒక టెర్మినల్ తెరిచి, మీరు ప్యాకేజీలు చేర్చిన తరువాత తిరిగి కుదించి ఐఎస్ఓ కడుతుంది. డెబియన్‌కు లైవ్‌బిల్డ్, ఆర్చ్‌కు ఆర్చ్‌ఐఎస్ఓ ఉన్నాయి. ఇవి ఉన్న ఐఎస్ఓను మార్చడానికి బదులు, సెట్టింగుల ఫైళ్లను చదివి కొత్త ఐఎస్ఓనే మొదటి నుంచి కడతాయి. ఎక్కువకాలం నిర్వహించవలసిన డిస్క్‌కు ఈ పద్ధతే మేలు, ఏం చేశామో ఆ ఫైళ్లే చెబుతాయి.

మీకు కావలసింది ప్రశ్నలు లేని ఇన్‌స్టాలేషన్ మాత్రమే అయితే, ఇక్కడ కూడా ఐఎస్ఓను తాకనక్కరలేదు. ఉబుంటు సర్వర్‌లో 20.04 నుంచి ఉన్న ఆటోఇన్‌స్టాల్ కోసం, సీఐడేటా అని పేరు పెట్టిన మరో చిన్న పెన్‌డ్రైవ్‌లో యూజర్‌డేటా, మెటాడేటా అనే రెండు ఫైళ్లు ఉంచి, దాన్ని కూడా తగిలించి బూట్ చేస్తే చాలు. కెర్నల్ వరుసలో ‘ఆటోఇన్‌స్టాల్’ అన్న మాట లేకపోతే, హార్డ్‌డిస్క్‌ను తుడిచే ముందు అది ఒకసారి మిమ్మల్ని అడుగుతుంది. ఆ ప్రశ్నను ఉండనివ్వడమే మంచిది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఓఈఎండీఆర్‌వీ అని పేరు పెట్టిన పెన్‌డ్రైవ్‌లో కేఎస్.సీఎఫ్‌జీ ఉంచితే ఇన్‌స్టాలర్ దాన్ని తానే పట్టుకుంటుంది. డెబియన్‌లో ప్రీసీడ్ ఫైలు ఈ పని చేస్తుంది.

నడుస్తున్న యంత్రం నుంచి ఇమేజ్ తయారుచేసేవారు యంత్రపు గుర్తింపు సంఖ్య ఉండే మెషీన్‌ఐడీ ఫైలును ఖాళీ చేసి, దూరం నుంచి లాగిన్ కావడంలో యంత్రాన్ని గుర్తించే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలను తొలగించడం మరవకూడదు. లేకపోతే ఆ డిస్క్‌తో ఎక్కిన యంత్రాలన్నీ ఒకే గుర్తింపుతో లేస్తాయి. కొన్ని నెట్‌వర్కుల్లో వాటికి ఒకే ఐపీ చిరునామా అందడం, ఒక యంత్రపు కీ బయటపడితే అన్నిటి భద్రతా పోవడం దీని ఫలితాలు.

ప్రశ్న: తయారుచేసిన డిస్క్‌ను అసలు యంత్రంలో పెట్టే ముందు పరీక్షించే మార్గం ఉందా?

జవాబు: కంప్యూటర్ లోపలే మరో ఊహా యంత్రాన్ని (వర్చువల్ యంత్రం) నడిపే హైపర్‌వీ గాని, వర్చువల్‌బాక్స్ గాని వాడి, ఒకసారి బయోస్ రీతిలోనూ మరోసారి యూఈఎఫ్ఐ రీతిలోనూ ఎక్కించి చూడండి. ఎక్కిన తరువాత ఆగిపోకుండా విండోస్ అప్‌డేట్‌ను కూడా ఒకసారి నడిపించండి. భాగాలను తొలగించిన డిస్కుల్లో లోపం సాధారణంగా బయటపడేది అక్కడే. డ్రైవర్లను మాత్రం వర్చువల్ యంత్రంలో పరీక్షించలేరు.

ప్రశ్న: నేను తయారుచేసిన ఐఎస్ఓ చక్కగా పనిచేస్తోంది. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచవచ్చా?

జవాబు: విండోస్ అయితే ఉంచకూడదు, మార్చిన ప్రతిని పంచడానికి దాని లైసెన్సు అనుమతించదు. మీ ఆన్సర్ ఫైలును, డిస్మ్ ఆదేశాల స్క్రిప్టును పంచండి, అవి మీ సొంత రాతలు. పంచే ముందు ఫైలులోంచి కీ, పాస్‌వర్డ్, వైఫై వివరాలు తీసివేసి, ఏ ఐఎస్ఓ మీద పరీక్షించారో దాని వెర్షన్‌ను, ఎస్‌హెచ్‌ఏ256 విలువను పైవరుసలో రాయండి. ఆ విలువను లెక్కించడానికి విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ ఆదేశం సరిపోతుంది.